కొండల్ సొంత ఇష్టం

కరీంనగర్ అవతల, సిరిసిల్ల తొవ్వకున్న తువ్వాళ్ల మిల్లుకు పోయి కొండల్ యాడున్నడని అడిగితే జరసేపు ఆలోచిస్తరు. "గట్లనే అన్న" అని అడిగితే మాత్రం గేటు కాడి వాచ్‌మన్ నుంచి క్యాంటీన్‌ల చాయ్ పోసే ఆమె దాకా అందరూ ఫోల్డింగ్ సెక్షన్ దిక్కు చెయ్యి చూపిస్తరు. ఎవలేమన్నా "గట్లనే" అంటడని ఆ పేరు పడ్డది. "గిట్ల పిలుస్తున్నం, నీకేమన్న తక్లీఫా?" అని ఒకసారి అడిగితే "గట్లనే పిలువుండ్రి" అన్నడట.

పుట్టింది సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంట్ల. బాపు సాంచె మీదికి రమ్మన్నడు, పోయిండు. మేనత్త ఒక పిల్లను చూపిచ్చి "గీ బాలవ్వ నీకు మంచిగుంటదిరా" అంటే "గట్లనే" అన్నడు. లగ్గం ఏ రోజో ఆయనకు చెప్పాల్నని ఎవలకూ యాదికి రాలే. పొద్దుగాల పనికి పోతుంటే గల్లీల పందిరి ఏస్తున్నరు. "ఎవలింట్ల లగ్గం?" అని అడిగిండు. "నీదే" అన్నరు. "గట్లనా" అని ఎనుకకు మర్లిపోయి తానం చేసిండు.

సాంచెలకు గిరాకి పడిపోయినంక దోస్తు దశరథం తువ్వాళ్ల మిల్లుల చేరుకుంట "నువ్వు గూడ రారా" అన్నడు. వచ్చిండు. నైట్ షిఫ్టు చెయ్యుమన్నరు, ఏండ్ల తరబడి చేసిండు. తర్వాత ఎవలో సూపర్‌వైజర్ వచ్చి "నీకు వయసు మీద పడ్డది, పగటీలి తువ్వాళ్లు మడతపెట్టు" అన్నడు. మడతపెట్టుడు షురూ చేసిండు. యాభై దాటిన కొండల్ బతుకుల ఆయనంతట ఆయన తీసుకున్న నిర్ణయం ఏదన్న ఉన్నదా అంటే, బస్సుల కూసునే సీటు గూడ కండక్టర్ చూపిచ్చిందే.

ఇగ అసలు ముచ్చట. కొండల్ డే షిఫ్టుకు మారినప్పుడు ఆఫీసు కంప్యూటర్‌ల ఆయన నైట్ బత్తా తీసెయ్యాలె. ఎవలూ తియ్యలే. ఏడాది దాటినా, పగటీలి పని చేస్తున్న మనిషికి రాత్రి పని పైసలు నెల నెల వచ్చి పడుతనే ఉన్నయి. కొండల్‌కు ఆ సంగతే తెల్వదు. ఏటీఎం కార్డు బాలవ్వ సంచిల ఉంటది. డే షిఫ్టుకు వచ్చినా జీతం తగ్గలేదంటే, మా ఆయన మంచితనం చూసి మిల్లోళ్లే ఏస్తున్నరని బాలవ్వ అనుకున్నది. అట్ల మిగిలిన పైసలను తీస్కపోయి చిట్టీల కట్టుకుంట వచ్చింది.

తప్పును పట్టింది పద్మలత. లక్సెట్టిపేట నుంచి వచ్చి కరీంనగర్‌ల కిరాయికుంటున్న పిల్ల, మిల్లుల జీతాలు చూస్తది. మాట మెత్తన, పని గట్టి. వేరే మిల్లయితే వచ్చే నెల జీతంల గప్‌చుప్‌గ కోసేద్దురు. ఈ మిల్లుల అట్ల కుదరదు. మొన్నామధ్య ఒక హమాలీతోని ఊకెనే సంతకం పెట్టిచ్చుకొని జీతం కోస్తే ఆయన లేబర్ ఆఫీసుకు పోయిండు. మిల్లు సేటు సొంతంగ పోయి, వరండాల కాలు ఊగే బెంచీ మీద పొద్దుగూకేదాక కూసున్నడు. నడుము పట్టేసింది. హమాలీ అక్కడ చెప్పిందల్లా ఒక్కటే మాట: "సంతకం పెట్టుమన్నరు, పెట్టిన." అప్పటి నుంచి సేటు ఆర్డర్ ఏందంటే, పనోని ఇష్టం లేకుండ జీతంలకెళ్లి రూపాయి ముట్టొద్దు. ఆ ఇష్టం నిజమైన ఇష్టమా కాదా అని చూసేతందుకు శ్యాంసుందర్ అనే వకీలును సలహాదారుగ పెట్టుకున్నడు.

శ్యాంసుందర్ సన్నగ, పొడుగ్గ ఉంటడు. కోర్టుల ఎన్నడూ పెద్ద కేసు గెలిచింది లేదు. కానీ ఇష్టం అనే మాట మీద ఆయనకున్నంత ప్రేమ ఇంకెవలకూ ఉండదు.

పద్మలత కొండల్‌ను పిలిపిచ్చింది. శ్యాంసుందర్ మూలకు కుర్చీల కూసున్నడు.

"కొండలన్నా, కూసో. ఒక తప్పు జరిగింది. తప్పు మాదే."

"గట్లనే మేడం."

"గట్లనే కాదన్నా, విను జర." నైట్ బత్తా సంగతంత చెప్పింది.

కొండల్ మొత్తం విన్నడు. "అంటే నేను ఇంట్ల పండుకున్న రాత్రులకు గూడ పైసలొచ్చినయన్నట్టు."

"అవునన్నా."

"మరి కోసుకోండ్రి మేడం."

పద్మలతకు పానం నిమ్మళమైంది. ఒప్పందం కాయిదం ఆయన దిక్కు తిప్పి పెన్ను ఇచ్చింది. అప్పుడే మూలకెళ్లి శ్యాంసుందర్ దగ్గిండు.

"ఒక్క నిమిషం. కొండల్ గారూ."

కొండల్ ఎనుకకు తిరిగి చూసిండు, గారు అనిపించుకునేటోడు ఎవలన్న వచ్చిండ్రేమోనని.

"మిమ్మల్నే. మీకు ఇయ్యాలని ఉన్నదా, లేక మేడం అడిగిందని ఇస్తనంటున్నరా?"

"మేడం అడిగింది గదా సార్."

"మేడం అడగకపోతే?"

"అడగకపోతే నాకు తెల్వనే తెల్వదు గదా."

"తెలిసింది, కానీ మేడం అడగలే. అప్పుడు?"

కొండల్ చాలాసేపు ఆలోచించిండు. నెత్తి గీరుకున్నడు. ఆఖరికి అడిగిండు: "మీరేమంటరు సార్?"

శ్యాంసుందర్ పెన్నుకు మూత పెట్టిండు. "చూసిండ్రా మేడం? ఇది ఒప్పుకోలు కాదు, మర్యాద." కాయిదంల ఒక లైను కింద వేలు పెట్టి సదివిండు: "ఎవరి ఒత్తిడి, ప్రోద్బలం, భయం, మొహమాటం లేకుండా, పూర్తిగా నా సొంత ఇష్టంతో." తల ఎత్తి అన్నడు: "మొహమాటం అనే మాట నేనే చేర్చిన. కొండల్ గారూ, ఇంటికి పోయి మీలో మీరు ఆలోచించుకొని రాండ్రి."

"గట్లనే సార్" అన్నడు కొండల్.

ఇంటికి పోయేసరికి బాలవ్వ గడప ముంగట చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేస్తున్నది. సంగతి చెప్పిండు. బాలవ్వ తునికాకును కత్తిరిచ్చుడు ఆపలే.

"చెయ్యని పనికి పైసలు మనకెందుకయ్యా? మనం ఏమన్న అడుక్కతింటున్నమా? రేపే పోయి సంతకం పెట్టి రా."

తెల్లారి కొండల్ పోయి పెన్ను చేతుల పట్టుకున్నడు. శ్యాంసుందర్ అడిగిండు: "బాగ ఆలోచించిండ్రా? ఎవలన్న చెప్పిండ్రా?"

"మా ఇంటామె చెప్పింది సార్" అన్నడు కొండల్, మంచి ఇంటామె ఉన్నదన్నట్టు.

పద్మలత నొసలు కొట్టుకున్నది. "అన్నా, ఎవలూ చెప్పలేదను, ఒడిసిపోతది!"

"మేడం!" శ్యాంసుందర్ కుర్చీలకెళ్లి లేసిండు. "ఇప్పుడు మీరు చేసిందే ప్రోద్బలం."

ఆ మాట ఆయన రాసుకున్నడు గూడ. రెండు దినాలైనంక పద్మలతను ఎంటబెట్టుకొని సీదా కొండల్ ఇంటికే వచ్చిండు. బాలవ్వ ఇద్దరికీ చాప ఏసింది. చాయ్ పెడతనంటే శ్యాంసుందర్ వద్దన్నడు, చాయ్ తాగితే మొహమాటం అయితదని.

"అమ్మా, మీరు మీ ఆయనను పైసలు వాపస్ ఇయ్యుమన్నరట."

"అన్న. తప్పా సారూ?"

"తప్పు కాదు. కానీ అనొద్దు."

"మంచిమాటే గదా చెప్పిన?"

"మంచిమాటే. అందుకే ఇంకింత ఒత్తిడి."

బాలవ్వ పద్మలత దిక్కు చూసింది. పద్మలత చాప పుల్లలు లెక్కపెడుతున్నట్టు కిందికి చూసింది.

"మరి ఇయ్యొద్దని చెప్పాల్నా?"

"అది గూడ అనొద్దు."

"మరేమనాలె?"

"ఏమీ అనొద్దు. ఈ ఒక్క ముచ్చట ఆయనకు ఇడిసిపెట్టుండ్రి."

బాలవ్వ చాట పక్కకు పెట్టింది. "సారూ, నేను కూసొమ్మంటెనే గాయన అన్నం కాడ కూసుంటడు. లెవ్వుమంటె లేస్తడు. చలిపెడుతుందయ్యా అంటె అప్పుడు చెద్దరి కప్పుకుంటడు. నేను ఇడిసిపెడితే ఏమైపోతడో మీకెరుకనా?"

శ్యాంసుందర్ చేతులు జోడిచ్చిండు. అంత పెద్ద చదువుకున్న మనిషి చేతులు జోడిచ్చేసరికి బాలవ్వ మెత్తబడ్డది. ఈ సంగతి మీద ఇగ నోరు తెరవనన్నది.

తెరవలే. మాట అంటే మాటే. కానీ తెల్లారి ఇస్త్రీ చేసిన అంగి ఇచ్చింది, జేబుల పెన్ను పెట్టి ఉన్నది. ఆ మర్నాడు సద్ది డబ్బా మీద పెన్ను. ఇంకోనాడు చెప్పులేసుకోబోతే చెప్పుల గూడ పెన్నే. కొండల్ ఏ ఒక్కటీ దాయకుండ శ్యాంసుందర్‌కు చెప్పిండు.

"ఇది మౌన ఒత్తిడి" అన్నడు శ్యాంసుందర్. "మాట్లాడుడు కంటె ప్రమాదం."

పద్మలతకు ఓపిక ఒడిసింది. "సార్, ఆయన ఇస్తనంటున్నడు. మనం తీసుకుంటమంటున్నం. వాళ్ల ఇంటామె ఇయ్యుమంటున్నది. ఇందుల ఇష్టం లేనిది ఎవలకు సార్?"

"అందరికీ ఉన్నది మేడం. ఒక్క కొండల్ గారికి ఉన్నదో లేదో ఇంకా తెల్వదు."

ఆఖరికి ఆయన ఒక ఉపాయం చెప్పిండు. కొండల్‌ను ఎవలూ ఏమీ చెప్పని జాగకు పంపాలె. ఒక్కడే ఉండి ఆలోచించుకోవాలె. సేటు చుట్టాలది ధర్మపురిల సత్రం ఉన్నది. సేటుకు లేబర్ ఆఫీసు బెంచీ యాదికొచ్చి, అడిగినోళ్లకు అడిగినట్టు సరే అన్నడు. అయితే డ్యూటీ రోజుల పంపుతున్నరు గనుక ఆ దినాలకు జీతం ఇయ్యాలె. ఊరు దాటి పంపుతున్నరు గనుక బత్తా ఇయ్యాలె. ఎక్కువ ఇచ్చిన బత్తాను వాపస్ తీసుకునేతందుకు పద్మలత ఇంకింత బత్తా రాసింది. ఏ పని మీద పంపుతున్నరని కంప్యూటర్ అడిగితే "ఆలోచన" అని కొట్టింది. కంప్యూటర్ ఒప్పుకున్నది.

కొండల్ ఫోన్‌ను ఆఫీసుల పెట్టుకున్నరు. బట్టల సంచి, నెత్తికి కట్టుకునే మిల్లు తువ్వాల పట్టుకొని జగిత్యాల మీదికెళ్లి పోయే బస్సెక్కిండు. బాలవ్వ బస్టాండ్ దాకా వచ్చి, ఏమీ అనకుండ నిలవడ్డది. బస్సు కదిలినంక మాత్రం "చెద్దరి కప్పుకో" అని ఒర్రింది. ఆ ఒక్కటీ ఒప్పందంల లేదు.

ధర్మపురి సత్రంల మేనేజర్‌కు శ్యాంసుందర్ ముందే ఫోన్ చేసి చెప్పిండు: ఈయనకు ఏ సంగతీ మీరు చెప్పొద్దు, ఆయన ఇష్టానికి ఇడిసిపెట్టుండ్రి. మేనేజర్ మాట మీద నిలవడే మనిషి. కొండల్ పోంగనే సత్రంల ఉన్న తాళంచెవులన్నీ తెచ్చి బల్ల మీద పోసిండు.

"ఏ అర్ర సార్ నాది?" అని కొండల్ అడిగిండు.

"మీ ఇష్టం."

"మీరు ఇయ్యుండ్రి సార్, ఏదైనా పర్వాలే."

"నాకు చెప్పొద్దన్నరు" అని మేనేజర్ పేపరు అడ్డం పెట్టుకున్నడు.

కొండల్ ఆ తాళాల ముంగట పగటీలి దాకా కూసున్నడు. ఒకటి పట్టుకుంటడు, పెడతడు. ఇంకోటి పట్టుకుంటడు. ఎవలన్న యాత్రికులు వస్తే వాళ్లను అడుగుదామనుకుంటడు, వాళ్లేమో మేనేజర్‌ను అడిగి పోతున్నరు. ఆఖరికి కడుపుల ఆకలై, ఎర్రదారం కట్టిన తాళం ఒకటి గుంజుకొని లేసిండు. ఆ అర్ర తలుపు సరిగ్గ మూసుకోదు, ఫ్యాను తిరిగితే కిర్రుకిర్రు అంటది. అయినా మంచం మీద కూసొని నలుదిక్కులా చూసుకుంటే ఏదో గమ్మతి అనిపిచ్చింది. ఇది ఆయన తీసుకున్న అర్ర.

తెల్లారి టిఫినుకు పోయిండు. బస్టాండ్ పక్క వందన అనే ఆమె నడిపే చిన్న హోటల్.

"ఏం పెట్టాలె కాకా? ఇడ్లీ, పూరి, ఉప్మా ఉన్నయి."

"ఏదైనా పెట్టు బిడ్డా."

"ఏదైనా అనే టిఫిను మా కాడ లేదు కాకా. జల్ది చెప్పు, ఎనుక మంది ఉన్నరు."

భయానికి ఉప్మా అన్నడు. సగం తిన్నంక చెయ్యి ఆగింది. ఉప్మా ఆయనకు నచ్చలే. వందన చేసిన ఉప్మా ఖరాబుగున్నదని కాదు, మంచిగనే ఉన్నది. ఉప్మా అంటేనే ఆయనకు ఇష్టం లేదు. లగ్గమైన కాడి నుంచి ఉప్మా తింటున్నడు, ఇష్టం లేదన్న సంగతి ఇయ్యాల తెలిసింది. చేతుల ముద్ద పట్టుకొని, ఇన్నేండ్లు పక్కింట్ల ఉన్న మనిషిని మొదటిసారి చూసినట్టు, ఆ ముద్దను చూసుకుంట కూసున్నడు.

మర్నాడు హోటల్‌ల అడుగు పెట్టంగనే "ఉప్మా వద్దు!" అన్నడు. కావాల్సినదానికంటె జర గట్టిగనే అన్నడు. తినేటోళ్లంత తలలు లేపి చూసిండ్రు. వందన పూరి పెట్టింది.

ఆ జోష్‌ల గోదావరి ఒడ్డుకు పోయిండు. మెట్ల మీద యాత్రికులు తానాలు చేస్తున్నరు. నీళ్లను చూసుకుంట ఒక పీట మీద కూసున్నడు. ఆ పీట గుండ్లు చేసే లింగమూర్తిది. లింగమూర్తి వచ్చి నెత్తి మీద చెంబెడు నీళ్లు గుమ్మరిచ్చి రుద్దిండు. కొండల్‌కు సల్లగ, హాయిగ అనిపిచ్చింది. తల వంచుమన్నట్టు మెడ మీద చెయ్యి పెడితే వంచిండు. సర్రుమన్నది. నొసటి మీదికెళ్లి నడినెత్తి దాకా ఒక బాట పడ్డది.

"ఆగు!" అన్నడు కొండల్. "ఏం జేస్తున్నవు?"

"గుండు."

"నేను అడిగిన్నా?"

"పీట మీద కూసుంటివి. తల వంచుమంటె వంచితివి. ఒప్పుకున్నట్టే గదనే!"

కొండల్ లేసి నిలవడ్డడు. ఎవని మీదన్న కోపం చేసుడు ఆయనకు అలవాటు లేదు, ఎట్ల షురూ చెయ్యాల్నో గూడ తెల్వలే. "తల వంచుడు వేరే, ఒప్పుకునుడు వేరే" అన్నడు. శ్యాంసుందర్ మాటలే లోపలికెళ్లి వచ్చినట్టున్నయి.

లింగమూర్తి నెత్తి చూసి పాపం అనుకున్నడు. "సరే తియ్యి, తప్పయింది. పైసలొద్దు. కానీ మిగిలింది గూడ తీసేస్త కూసో. గిట్ల ఎట్ల పోతవే ఊర్లకు?"

అది నిజంగ మంచిమాటే. అక్కడున్న యాత్రికులు గూడ అదే అన్నరు. "పూర్తిగ తీయించుకో పెద్దాయనా, దేవునికిచ్చినట్టు అయితది" అన్నరు. ఎన్నడైనా అయితే కొండల్ గట్లనే అనేటోడు.

"వద్దు" అన్నడు.

నెత్తికి తువ్వాల చుట్టుకొని, మెట్ల మీద మంది లేని దిక్కుకు పోయి కూసున్నడు. అప్పుడు పైసల సంగతి ఆలోచించిండు. అందుకే గదా పంపింది, డ్యూటీ. ఇస్తే ఎట్లుంటదని తలుసుకున్నడు. సేటు ఖుషీ, మేడం ఖుషీ, బాలవ్వ ఖుషీ. అందరి మొకాలు కనపడ్డయి. తన మొకం కోసం ఎతికిండు, కనపడలే. ఇయ్యకపోతే ఎట్లుంటదని తలుసుకున్నడు. ఎవలూ ఖుషీగ లేరు. కానీ ఆ తలపుల ఒక మనిషి మాత్రం నెత్తికి తువ్వాల కట్టుకొని గోదావరి ఒడ్డున కూసున్నడు. కొండల్‌కు వాడెవడో సమజ్ కావటానికి జరసేపు పట్టింది.

ధర్మపురికెళ్లి వచ్చినంక సీదా ఆఫీసుకే పోయిండు. శ్యాంసుందర్, పద్మలత ఎదురుచూస్తున్నరు.

"నెత్తికి గా తువ్వాల ఏందన్నా?" అని పద్మలత అడిగింది. కొండల్ తీసిండు. "అయ్యో!"

"నన్ను అడగకముందే గీకిండు మేడం. ఆపుమన్న."

శ్యాంసుందర్ నెమ్మదిగ లేసి దగ్గరికొచ్చిండు. ఆ బాటను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసిండు. "ఆపుమన్నరా?"

"ఆపుమన్న సార్."

"ఇప్పుడు చెప్పుండ్రి. పైసల సంగతి మీ సొంత ఇష్టం ఏంది?"

"ఇయ్యను సార్."

పద్మలతనే ముందు తేరుకున్నది. "ఎందుకన్నా? మొన్న కోసుకోమంటివి గదా!"

"ఇయ్యబుద్ధి అయితలేదు మేడం."

"కష్టమా ఇంట్ల? నెలకు జర జర కోసుకుంటం."

"కష్టం లేదు. ఊకెనే. ఇయ్యబుద్ధి అయితలేదు."

శ్యాంసుందర్ కొండల్ రెండు చేతులు పట్టుకొని ఊపిండు. ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "నా సర్వీసుల ఇంత కడిగినట్టున్న జవాబు వినలే" అన్నడు.

"సార్," అన్నది పద్మలత, ఏడ్వాల్నో నవ్వాల్నో తెల్వక, "మనకు కావాల్సింది పైసలు."

"కాదు మేడం. మనకు కావాల్సింది ఆయన ఇష్టం. దొరికింది."

సేటుకు చెప్తే ఆయన మెల్లగ ఒక్కటే అడిగిండు, లేబర్ ఆఫీసుకైతే పోవాల్సిన పని లేదు గదా అని. లేదన్నరు. అయితే పోనీ అన్నడు.

ఇంట్ల అంత అలకగ పోలే. బాలవ్వ నెత్తి చూసి ఒకసారి గుండెలు బాదుకున్నది, సంగతి విని ఇంకోసారి బాదుకున్నది. "మంది సొమ్ము తిని యాడికి పోతమయ్యా? నిన్ను ఎవలు చెడగొట్టిండ్రు?" అన్నది. ఎవలూ చెడగొట్టలేదన్నడు. బాలవ్వ నమ్మలే. తెల్లారి చిట్టి ఎత్తి, ఆ పైసలు గుడ్డసంచిల చుట్టుకొని మిల్లుకు వచ్చింది.

"తీసుకో బిడ్డా. లెక్క ఒడిసిపోతది."

పద్మలత ఆ సంచి దిక్కు ఎంత ఆశగ చూసిందో ఆమెకే ఎరుక. "నేను తీసుకోవద్దు అవ్వా. గాయన ఒప్పుకోవాలె."

"నా మొగడే గదనే!"

"మొగడే. అయినా ఆయన జీతం, ఆయన ఇష్టం."

ఫోల్డింగ్ సెక్షన్ నుంచి కొండల్‌ను పిలిపిచ్చిండ్రు. భుజం మీద తువ్వాళ్ల కట్టతోటే వచ్చిండు. సంచిని చూసిండు, బాలవ్వను చూసిండు. మనసు ఒకసారి ఇటు, ఒకసారి అటు కొట్టుకున్నది. బాలవ్వ కొంగుతోని మొకం తుడుచుకుంటే మరింత కొట్టుకున్నది.

"వద్దు" అన్నడు.

ఆ దినం ఇంటికి పోయేటప్పుడు ఇద్దరూ ఒకే బస్సెక్కిండ్రు గనీ బాలవ్వ ముంగట సీట్ల, కొండల్ ఎనుక సీట్ల కూసున్నరు.

నెత్తి మీది బాట నిండటానికి చానా దినాలు పట్టింది. మొదట్ల మిల్లుల నవ్విండ్రు. తర్వాత తర్వాత ఒక్కొక్కలు వచ్చి పక్కన కూసునుడు షురూ చేసిండ్రు. దశరథం వచ్చి, తన బావమరిది అప్పుకు జమానతు ఉండుమంటున్నడట, ఏమని వద్దనాలె అని అడిగిండు. "వద్దు అనాలె" అన్నడు కొండల్. "గంతేనా?" అన్నడు దశరథం. ఎంత ఆలోచించినా కొండల్‌కు అంతకంటె ఎక్కువ దొరకలే. యూనియన్ ఎలక్షన్ల నిలవడుమని అడిగేతందుకు మంది గుంపుగ వచ్చిండ్రు. వద్దన్నడు. నువ్వయితే గెలుస్తవన్నరు. అయినా వద్దన్నడు. ఇగ ఆయనను ఏమని పిలువాల్నో తెల్వక కొందరు పేరు వెట్టే పిలుస్తున్నరు.

పద్మలత నెల నెల మర్యాదగ అడిగేది: "అన్నా, మీ ఇష్టం ఏమన్న మారిందా?" శ్యాంసుందర్ అట్లనే అడుగుమన్నడు, ఆ మాటలే, ఆ గొంతుతోనే, ఇంకేం కలపొద్దని. "లేదు మేడం" అనేటోడు.

బాలవ్వ అలక ఒక పండుగ దాకా ఉండి మెల్లగ కరిగింది. ఎంత సూసినా ఇగ ఇయ్యడనుకున్నది. చిట్టి పైసలు ఊకె పడున్నయని ఫ్రిజ్ కొందామన్నది. దుకాణంల నిలవడి, జిందగీల మొదటిసారి మొగన్ని అడిగింది: "ఏ రంగు తీసుకుందామయ్యా?"

"నీలంది" అన్నడు కొండల్, జర సేపు సూసి.

బాలవ్వ ఎర్రది తీసుకున్నది. కానీ అడిగింది.

వానలు పడ్డయి. ఒకనాడు పగటీలి అన్నం తిని, చెయ్యి కడుక్కొని, కొండల్ ఫోల్డింగ్‌కు పోకుండ పద్మలత కాడికి వచ్చిండు.

"మేడం, కోసుకోండ్రి."

పద్మలత ఏం కోసుకోవాల్నో ముందు సమజ్ చేసుకోలే. సమజయినంక కుర్చీలకెళ్లి లేసి, మళ్ల కూసొని, కొండల్‌తోని ఒక్క మాట గూడ మాట్లాడకుండ శ్యాంసుందర్‌కు ఫోన్ కొట్టింది. మాట్లాడితే ప్రోద్బలం అయితదని ఆమెకు గూడ భయం పట్టుకున్నది. శ్యాంసుందర్ తడిసిన గొడుగుతోని ఆటోల ఉరికొచ్చిండు.

"ఎవలన్న చెప్పిండ్రా?"

"లేదు సార్."

"ఇంటామె?"

"ఆమె ఇడిసిపెట్టింది. ఫ్రిజ్ తెచ్చుకున్నం."

"జేబుల పెన్ను?"

కొండల్ జేబు తిప్పి చూపిచ్చిండు. బీడీ కట్ట, బస్సు టికెట్టు.

"మరి ఎందుకిస్తున్నరు?"

"అప్పుడు ఇయ్యబుద్ధి కాలే సార్. ఇప్పుడు అయితుంది. మంది సొమ్మే గదా."

శ్యాంసుందర్ అటు తిప్పి ఇటు తిప్పి అడిగిండు. ఎక్కడా ఒక్క బొక్క దొరకలే. కాయిదం ముంగట పెట్టిండ్రు. నెలకు ఎంత కోసుకోవాల్నో కొండలే చెప్పిండు, చిన్న మొత్తమే. తర్వాత లైను మీద వేలు పెట్టుకొని ఒక్కొక్క మాట సదివిండు. ఒత్తిడి లేదన్నడు. ప్రోద్బలం లేదన్నడు. భయం లేదన్నడు. మొహమాటం కాడికి వచ్చి ఆగిండు.

"ఏమైంది?" అన్నడు శ్యాంసుందర్. ఆయనకు చెమటలు పడుతున్నయి.

"గిది జర ఉన్నది సార్. మేడం మొకం చూస్తుంటే."

పద్మలత లేసి, కుర్చీని గోడ దిక్కు తిప్పుకొని, క్యాలెండర్‌ను చూసుకుంట కూసున్నది. శ్యాంసుందర్ గూడ గొడుగు పట్టుకొని బయటికి పోయి వానల నిలవడ్డడు. గదిల ఒక్కడే ఉన్నట్టయినంక కొండల్ ఇంకోసారి మొత్తం సదివి సంతకం చేసిండు. పెన్ను మూత పెట్టి, "అయింది మేడం, తిరుగుండ్రి" అన్నడు.

ఆ నెల జీతం పడ్డనాడు బాలవ్వ ఏటీఎం కాడికెళ్లి ఉరికొచ్చింది. కొండల్ గడపల కూసొని కాళ్లు కడుక్కుంటున్నడు.

"ఏమయ్యా, జీతం తక్కువొచ్చింది. మళ్ల ఏదో తప్పు కొట్టిండ్రు గా ఆఫీసోళ్లు!"

"తప్పు కాదు. ఇచ్చేస్తున్న."

"ఏం ఇచ్చేస్తున్నవు?"

"గా నైట్ బత్తా పైసలు. సంతకం పెట్టిన."

బాలవ్వ నిలవడ్డకాడనే నిలవడ్డది. "ఎన్నడు?"

"మొన్న వానల."

"ఇయ్యుమని నేను పోరుకుంట తిరిగిననాడు ఇయ్యకపోతివి. చిట్టి పైసలు ఫ్రిజ్‌కు పెట్టినంక ఇస్తున్నవా! నాకొక మాట చెప్పాల్నా వద్దా?" అనుకుంట ఇంట్లకు పోయింది, బయటికి వచ్చింది, మళ్ల పోయింది. గిన్నెలు చప్పుడైనయి. ఫ్రిజ్ తలుపు గట్టిగ పడ్డది. కొండల్ కాళ్లు తుడుచుకొని అక్కడనే కూసున్నడు.

జరసేపటికి బాలవ్వ చాట తెచ్చుకొని ఎదురుంగ కూసున్నది. నానిన తునికాకు తీసి కత్తెర పట్టింది. ఇంకా గొణుగుతనే ఉన్నది గనీ గొంతు తగ్గింది.

"ఇంకోసారి ఏదన్న ఇచ్చే ముందు నాకు చెప్పు."

కొండల్ ఆ మాటను చేతుల పట్టుకొని బరువు చూసినట్టు, నిజంగనే ఆలోచించిండు.

"చూస్త" అన్నడు.

బాలవ్వ తల ఎత్తి ఆయనను ఎగాదిగా చూసింది. ఒక ఆకు కత్తిరిచ్చి, జర్ద పోసి, చుట్టి, దారం కట్టి చాటలేసింది. తర్వాత ఇంట్ల పప్పున్నది, చింతపండు ఒడిసింది, దుకాణానికి పోయి తేవాల్నని అన్నది. కొండల్ సంచి పట్టుకొని లేసిండు. వాన మళ్ల పట్టేటట్టున్నది.